బ్రాకెట్లు లేని కాగితం

సావనీర్‌కి ఏదో ఒకటి రాసివ్వమని మా యూనియన్ మిత్రులు నెలరోజులుగా వెంటపడుతున్నారు. కవిత్వం నాకు రాదు. కథ రాస్తే హాస్టల్లో ప్రతివాడూ అందులో తనను వెతుక్కుని దెబ్బలాటకొస్తాడు. అంచేత నాకు తెలిసిన లెక్కల సంగతే రాస్తున్నాను. లెక్కలనగానే పేజీ తిప్పేయకండి. ఇందులో ఒక బావి ఉంది, ఒక మోటారు ఉంది, మా నాన్నకీ పెదనాన్నకీ ఏడాదిపాటు మాటలు లేకుండా చేసిన ఒకే ఒక్క వాక్యం ఉంది.

మాది మెట్ట ఊరు. తాతయ్య తను పోయేముందే పొలాన్ని ఇద్దరు కొడుకులకీ పంచాడు. నేలనైతే గట్టు వేసి పంచొచ్చు, బావిని ఎలా పంచుతాం? అందుకని బావీ మోటారూ ఉమ్మడి అన్నారు. పెద్దమనుషుల ఎదట రాసిన పంపకాల కాగితంలో ఆ సంగతి ఇలా ఉంది:

"పూడిక ఖర్చు, మోటారు మరమ్మతు ఖర్చులో సగం చిన్నవాడు పెట్టుకోవలెను."

చిన్నవాడంటే మా నాన్న. కింద తాతయ్య వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. చాలా ఏళ్ళు ఈ వాక్యంతో ఎవరికీ పేచీ రాలేదు. ఎందుకంటే పూడిక తీయించే అవసరమే రాలేదు. మోటారు ఎప్పుడైనా మొరాయిస్తే అయిన ఖర్చు చెరిసగం.

నిరుడు వేసవిలో బావి అడుగంటితే పెదనాన్న పూడిక తీయించాడు. 24,000 రూపాయలైంది. ఆ వారంలోనే మోటారు కాలింది. వైండింగూ, బేరింగులూ, కొత్త స్టార్టరూ కలిపి 16,000. మొత్తం 40,000. డబ్బంతా ముందు పెదనాన్నే పెట్టాడు. మా నాన్న పత్తి డబ్బులో నుంచి 20,000 తీసి, "ఇదుగో అన్నయ్యా, నా సగం" అని ఇచ్చాడు.

"సగమేమిట్రా? ఇంకో పన్నెండు వేలు రావాలి" అన్నాడు పెదనాన్న.

ఆయన లెక్క ఇది. పూడిక ఖర్చు మొత్తం చిన్నవాడిది, మోటారు ఖర్చులో మాత్రం సగం. అంటే 24,000, దాని మీద 8,000, వెరసి 32,000. "బావి వాడి చేని అంచున ఉంది, తడి ముందు వాడికే పారుతుంది. అందుకే నాన్న అలా రాయించాడు" అని ఆయన వాదన. "అన్నదమ్ములకి ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయం నాన్న ఎందుకు రాయిస్తాడు? రెంటిలోనూ సగమే" అని మా నాన్న వాదన. మాటా మాటా పెరిగింది. ఆ రోజు నుంచి మా ఇంటి కూర గిన్నె వాళ్ళింటికి పోలేదు, వాళ్ళ పెరటి కరివేపాకు మా ఇంటికి రాలేదు. ఎప్పుడు ఆ పన్నెండు వేలు ఇవ్వాల్సి వస్తుందోనని నాన్న చేతిలో డబ్బు కదలనివ్వలేదు. నా హాస్టల్ మెస్ బాకీ మూడు నెలలది అలాగే ఉండిపోయింది. కాబట్టి ఇది ఒట్టి పాఠం కాదు, నా కంచం దాకా వచ్చిన పాఠం.

అదలా ఉంచి కాలేజీకి వద్దాం. మా లెక్చరరు గారు సెమినార్లో మాట్లాడమని నాకొక విషయం అప్పగించారు. ఫార్మల్ భాషల వాక్యనిర్మాణాన్నీ, అర్థాన్నీ బీజగణితంతో పరిశీలించడం ఎలా అన్నది దాని సారాంశం. "భాషకీ బీజగణితానికీ ఏం సంబంధమండీ?" అన్నాను. "ముందు చదవవయ్యా, తర్వాత అడుగు" అన్నారు. చదివాను. మొదటి పదిరోజులూ ఏమీ ఎక్కలేదు. చివరికి నాకు దారి చూపించింది హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన ఛందస్సు!

ఫార్మల్ భాష అంటే భయపడాల్సిందేం లేదు. కొన్ని అక్షరాలు తీసుకుంటాం. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి వరసలు కడతాం. ఆ వరసల్లో ఏవి చెల్లుతాయో, ఏవి చెల్లవో నియమం పెడతాం. చెల్లే వరసలన్నీ కలిస్తే అదే ఒక భాష. మన ఛందస్సులో ఉన్నవి రెండే అక్షరాలు: గురువు, లఘువు. "రామ" అంటే గురువు, లఘువు. "కమల" అంటే మూడు లఘువులు. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఐదేసి సూర్యగణాలుండాలి. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం, గురువు తర్వాత లఘువున్న హగణం. యతినీ ప్రాసయతినీ పక్కన పెట్టి గణాలే చూస్తే, ఆ పాదం కూడా పక్కా ఫార్మల్ భాషే. ఐదు చోట్ల రెండేసి అవకాశాలు గనక అందులో చెల్లే వరసలు సరిగ్గా 32.

మరి బీజగణితం ఎక్కడుంది? పక్కపక్కన పేర్చడంలో ఉంది. రెండు సంఖ్యల్ని కూడినట్టే రెండు వరసల్ని కలపవచ్చు. ఏమీ లేని ఖాళీ వరస సున్నా లాంటిది, దేనితో కలిపినా అది మారదు. కాకపోతే సంఖ్యల్లో మూడూ ఐదూ ఎటు కూడినా ఎనిమిదే. వరసల్లో అలా కాదు. "రామ కమల" వేరు, "కమల రామ" వేరు. దున్ని విత్తడం, విత్తి దున్నడం ఒకటి కానట్టే. అయితే ఒక న్యాయం మాత్రం వరసలకీ వర్తిస్తుంది, అది సహచర న్యాయం. మూడు వరసల్ని కలపాలంటే మొదటి రెంటినీ ముందు కలిపినా, చివరి రెంటినీ ముందు కలిపినా చివరికి కాగితం మీద పడే వరస ఒక్కటే. అంటే బ్రాకెట్లు ఎక్కడ వేసినా తేడా లేదు. తేడా లేదు గనక అసలు వేయం. ఇలాంటి నిర్మాణాన్ని మోనాయిడ్ అంటారు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, బావి దగ్గరకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ప్రతి వరసకీ ఒక విలువ కడదాం. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. "రామ" మూడు మాత్రలు, "కమల" మూడు మాత్రలు. రెండు వరసల్ని కలిపితే వాటి మాత్రలు కూడుకుంటాయి. ఇక్కడ పేర్చడం, అక్కడ కూడటం. ఇక్కడి పనికి అక్కడి పని సరిగ్గా జవాబు చెబుతుంది. ఇలాంటి జతకి హోమోమార్ఫిజమ్ అని పేరు. పేరు పెద్దదే గాని విషయం చిన్నది: ముక్కల విలువలు తెలిస్తే మొత్తం విలువ తెలిసిపోతుంది. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే. కనక ఐదు సూర్యగణాల పాదం మీరు ఎలా రాసినా 15 మాత్రలే వస్తుంది.

ఇంకో తమాషా ఉంది. సూర్యగణాల పాదంలో గణాల మధ్య ఖాళీలు వదలకుండా గురులఘువుల్ని గుక్కతిప్పుకోకుండా చెప్పినా, ఎక్కడ విరవాలో మనకి తెలిసిపోతుంది. మొదట గురువు వినపడితే హగణం, లఘువు వినపడితే నగణం. ఒక గణం ఇంకో గణానికి మొదటి ముక్క కాదు కనక పొరపాటుకి చోటే లేదు. ఆరు ఇంద్రగణాల్నీ ఇలాగే పరీక్షించి చూశాను, వాటిలోనూ ఏదీ ఇంకోదానికి మొదటి ముక్క కాదు! కోడింగ్ సిద్ధాంతంలో ఇలాంటి సమితిని ప్రిఫిక్స్ కోడ్ అంటారు. మన లాక్షణికులు ఆ పేరు పెట్టలేదు గాని, ఆ గుణమున్న గణాల్నే మన చేతికిచ్చారు.

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఉత్సాహం పెరిగింది. లైబ్రరీలో దొరికినవి చదువుకుంటూ పోయాను. 1956లో స్టీఫెన్ క్లీనీ అనే అమెరికన్ గణితవేత్త, పరిమితమైన స్థితులే ఉన్న యంత్రం ఏ భాషల్ని గుర్తుపట్టగలదో మూడే మూడు పనులతో చెప్పాడు: కలపడం, పక్కన పేర్చడం, మళ్ళీ మళ్ళీ పేర్చడం. మన ఆటవెలది పాదం ఆ జాతిదే. అదే 1956లో నోమ్ చామ్‌స్కీ అంతకంటె బలమైన వ్యాకరణాల సంగతి ఎత్తాడు. ఒక వాక్యం లోపల ఇంకో వాక్యం, దాని లోపల మరొకటి ఇమిడే భాషలకి వట్టి వరస చాలదు, చెట్టు కావాలి. వేరు దగ్గర వాక్యం, కొమ్మల దగ్గర పదబంధాలు, ఆకుల దగ్గర మాటలు.

1963లో చామ్‌స్కీ, మార్సెల్ పాల్ షుట్జెన్‌బెర్జే కలిసి అలాంటి భాషల బీజగణిత సిద్ధాంతం రాశారు. ఈ షుట్జెన్‌బెర్జే వైద్యం చదివి గణితంలోకొచ్చిన ఫ్రెంచాయన. వాళ్ళు చేసిన పని నాకు తెగ నచ్చింది. వ్యాకరణాన్ని సమీకరణాలుగా రాసి, వాటిని సాధించి ఒక అనంత శ్రేణి తెస్తారు. అందులో ప్రతి వాక్యమూ ఒక పదం లాంటిది. ఆ పదానికి ముందు ఒక గుణకం ఉంటుంది. మనం 3x అంటే 3 గుణకం కదా, అలాగన్న మాట. ఆ గుణకం ఏం చెబుతుందంటే, ఆ వాక్యాన్ని ఎన్ని రకాల చెట్లుగా కట్టవచ్చో చెబుతుంది. గుణకం సున్నా అయితే ఆ వాక్యం ఆ భాషలోనే లేదు. ఒకటైతే ఒకటే నిర్మాణం. రెండైతే...

రాత్రి పదకొండున్నరకి ఆ పేజీ చదువుతూ మంచం మీద లేచి కూర్చున్నాను. "పూడిక ఖర్చు, మోటారు మరమ్మతు ఖర్చులో సగం." గుణకం రెండు!

మొదటి చెట్టులో పూడికా మరమ్మతూ ముందు ఒక కొమ్మకి చేరతాయి, "సగం" ఆ కొమ్మ మీద కూర్చుంటుంది. అది (24,000 + 16,000) లో సగం, 20,000. మా నాన్న చెట్టు. రెండో చెట్టులో "సగం" మరమ్మతు కొమ్మ మీదే కూర్చుంటుంది, పూడిక విడిగా వచ్చి పైన కలుస్తుంది. అది 24,000 + (16,000 లో సగం), 32,000. పెదనాన్న చెట్టు. ఆకులు ఒకటే, వరస ఒకటే. కాగితం మీద పేర్చడానికి బ్రాకెట్లు అక్కర్లేదు గనక రాసినాయన వేయలేదు. మాత్రలు లెక్కపెట్టడానికైతే అది చాలును, కూడికకి కూడా బ్రాకెట్లు అక్కర్లేదు కాబట్టి. కానీ సగం చేసి కలపడం, కలిపి సగం చేయడం ఒకటి కాదే! వరసకి అక్కర్లేని బ్రాకెట్లు అర్థానికి కావాలి. మా ఇంటి తగువంతా ఆ సందులోనే పుట్టింది.

రిచర్డ్ మాంటెగ్యూ అనే తర్కవేత్త 1970లో చెప్పింది కూడా అప్పుడే నాకు బోధపడింది. వాక్యనిర్మాణం ఒక బీజగణితం, అర్థాలు ఇంకో బీజగణితం, మొదటిదాని నుంచి రెండోదానికి పోయే హోమోమార్ఫిజమే అర్థం చెప్పడం అన్నాడాయన. ముక్కల అర్థాలూ, వాటిని కలిపిన తీరూ తెలిస్తే మొత్తం అర్థం తెలుస్తుందని. అయితే ఆ ప్రయాణం వరస దగ్గర మొదలైతే లాభం లేదు, చెట్టు దగ్గర మొదలవ్వాలి. 1977లో గోగన్, థాచర్, వాగ్నర్, రైట్ అనే నలుగురు కంప్యూటర్ భాషలకి ఇదే సంగతిని ఇంకా స్వచ్ఛంగా చెప్పారు. చెట్లన్నిటినీ ఒక బీజగణితంగా తీసుకుని, అందులోని ఒక్కొక్క పనికి అర్థం నిర్ణయిస్తే చాలు, ప్రతి చెట్టుకీ ఒకే ఒక్క అర్థం దానంతటదే వచ్చి తీరుతుంది. కంప్యూటర్ భాషలు తయారుచేసేవాళ్ళు ఏ గుర్తు ముందు, ఏ గుర్తు తర్వాత అని అంత పట్టుదలగా నియమాలు పెట్టేది అందుకే. ఒక వరసకి రెండు చెట్లుంటే యంత్రం ఏది పట్టుకోవాలి?

మిత్రులారా, ఇక్కడ నా మనసులోని మాట ఒకటి ఒప్పుకోవాలి. సంక్రాంతికి ఇంటికి బయల్దేరినప్పుడు బస్సులో నా ఆలోచనంతా ఒక్కటే: ఈ బీజగణితంతో మా నాన్నదే ఒప్పని నిరూపించాలి. కాగితం మీద రెండు చెట్లూ గీశాను. ఎంత చూసినా రెండోది తప్పని చెప్పే నియమం తెలుగు వ్యాకరణంలో నాకు దొరకలేదు. నాన్న పక్షాన నిలబడదామని వెళుతున్నవాడికి, పెదనాన్నది కూడా సరైన చదువేనని తేలింది. దిగులేసింది.

భోగి రాత్రి నాన్న ఎదట కూర్చుని చింతగింజలు పేర్చి చూపించాను. 24 గింజలు ఒక కుప్ప, 16 గింజలు ఒక కుప్ప. రెండు కుప్పలూ కలిపి సగం తీస్తే ఇరవై. రెండోదాంట్లో మాత్రమే సగం తీసి మొదటిదాంతో కలిపితే ముప్పై రెండు. "ఈ వాక్యంలో రెండూ ఉన్నాయి నాన్నా. పెదనాన్న అబద్ధమాడటం లేదు."

నాన్న గింజల వంక చూడలేదు, నా వంక చూశాడు. "నిన్ను చదివిస్తోంది ఇందుకటరా? నా కొడుకువై ఉండి, ఆయనదీ ఒప్పేనంటావా?" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. గడపలో కూర్చుని అరిసెల పిండి కలుపుతున్న అమ్మ మాత్రం చేయి ఆపింది. "అంటే బావగారనేది సగం చేసి కలపమని, మీ నాన్ననేది కలిపి సగం చేయమని. అంతేనా?" అంది.

నేను నోరు తెరిచి ఉండిపోయాను. మూడు వారాలు పుస్తకాలతో కుస్తీపట్టి నేను చెట్లు గీసి తెలుసుకున్నదాన్ని అమ్మ పిండి చేత్తో రెండు మాటల్లో తేల్చేసింది. పైగా ఆ రెండు మాటల్లో బ్రాకెట్ల అవసరమే లేదు. 1920ల్లో లుకాసియెవిచ్ అనే పోలెండు తర్కవేత్త, గుర్తుని సంఖ్యల ముందు రాస్తే బ్రాకెట్లు లేకుండానే లెక్కలు రాయొచ్చని చూపించాడు. గుర్తుని చివర రాసినా అంతే. మన తెలుగులో క్రియ చివరికే వస్తుంది కదా! "కలిపి, సగం చేసి" అంటే ముందేది, తర్వాతేది అన్నది మాటల వరసే చెప్పేస్తుంది. నోటితో చెప్పేటప్పుడు మనవాళ్ళు ఇలాగే చెబుతారు. కాగితం మీదకి ఎక్కేసరికి "కలిపి" అన్న మాట జారిపోయింది. దానితోపాటే బ్రాకెట్టూ పోయింది.

మర్నాడు పండగ పూట అమ్మ అరిసెల గిన్నె నా చేతికిచ్చి పెదనాన్న ఇంటికి పంపింది. ఏడాది తర్వాత ఆ గుమ్మం తొక్కాను. పెద్దమ్మ గిన్నె అందుకుని కళ్ళు తుడుచుకుంది. పెదనాన్నకీ అదే చింతగింజల లెక్క చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మీ నాన్న దొంగలెక్క చెప్పలేదంటావ్" అన్నాడు. "ఇద్దరూ చెప్పలేదు పెదనాన్నా. కాగితమే రెండు చెప్పింది" అన్నాను. "మరి మా నాన్న మనసులో ఏముందిరా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వాక్యానికి ఎన్ని చెట్లున్నాయో బీజగణితం చెబుతుంది, ఒక్కో చెట్టుకి అర్థమేమిటో చెబుతుంది. ఏ చెట్టుని తలుచుకుని తాతయ్య వేలిముద్ర వేశాడో చెప్పదు. రాసినాయన లేడు, సాక్షుల్లో మిగిలినాయనకి జ్ఞాపకం లేదు. ఆ మాటే చెప్పాను.

ఆ సాయంత్రం ఆయనే మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. "ఒరే చిన్నోడా, నీది ఇరవై, నాది ముప్పై రెండు. నడిమికి ఇరవై ఆరు. ఇంకో ఆరు ఇవ్వు. ఇకమీదట రెండూ చెరిసగం. మీవాడి చేత సరిగ్గా రాయించు" అన్నాడు. నాన్న కాసేపు నేల చూసి, "కందులు అమ్మాక ఇస్తా అన్నయ్యా" అన్నాడు. మాఘమాసంలో ఇచ్చేశాడు. నా మెస్ బాకీ కూడా ఆ కందుల డబ్బుతోనే తీరింది.

కొత్త కాగితం నేనే రాశాను: "పూడిక ఖర్చునూ, మోటారు మరమ్మతు ఖర్చునూ కలిపి, ఆ వచ్చిన మొత్తంలో సగం చిన్నవాడు పెట్టుకోవలెను." ఎన్నిసార్లు చూసుకున్నా దీనికి ఒకటే చెట్టు వస్తోంది. గుణకం ఒకటి. నాన్న నాచేత రెండుసార్లు చదివించుకుని సంతకం చేశాడు.

సెమినార్లో నేను చింతగింజలతోనే చెప్పాను. అయ్యాక మా లెక్చరరు గారు దగ్గరకి పిలిచి, ఇచ్చిన ఏ వ్యాకరణంలోనైనా ఇలాంటి రెండర్థాల వాక్యం ఉందో లేదో తప్పకుండా తేల్చి చెప్పే పద్ధతి అసలు ఉండదని 1960ల మొదట్లోనే రుజువైందని చెప్పారు. "కాబట్టి యంత్రానికి వదిలేయకుండా, రాసేవాడే జాగ్రత్తగా రాయాలయ్యా" అన్నారు. అప్పటి నుంచి హాస్టల్లో అద్దె కాగితమైనా, అప్పు కాగితమైనా ఎవరు తెచ్చినా ముందు చదివి, చెట్లు లెక్కపెట్టి ఇస్తున్నాను. రుసుము ఒక టీ.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి